ఇసుకదీవిలో మూడుదినములు

యాత్రయనిన మన యిండ్లలో కాశీరామేశ్వరములును, తిరుపతియు స్మరణకు వచ్చును గాని, దారి లేని చోటికి దారి వెదకికొని పోవుటయే యాత్ర యని యెంచువారు లోకమున ననేకులు గలరన్న సంగతి మాకును మొన్నమొన్నటివరకు తెలియదు. 2025వ సంవత్సరము దసరాకు మా చెల్లెలు తానుండు బ్రిస్బేను నగరమునకు అమ్మను, మమ్మును, మా తొమ్మిదేండ్ల బాలికను పిలిపించుకొనెను. మామగారిని విడిచి రాలేక మా వారు ఇంటనే నిలిచిరి. పండుగకు పోవుచున్నామనియే మేము తలంచితిమి. తీరా ప్రయాణమునకు రెండు నెలలు ముందుగా చెల్లెలు ఫోనులో, “అక్కా! పండుగ మరునాడు మనమందరము ఒక దీవికి పోవుదుము. అచ్చట రోడ్లు లేవు. మీ మరిది మిక్కిలి కష్టమైన దారులకై పటములు ముందు వేసికొని కూర్చున్నాడు” అని చెప్పెను. రోడ్లు లేని చోటికి డెబ్బదియేండ్ల అమ్మను, ఇద్దరు పసివాండ్రను తీసికొనిపోవుట యెట్లన్న చింత మాకు ఆనాటినుండి పట్టుకొనెను.

ఆ దీవి పేరు గర్రి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు రాష్ట్రపు తూర్పుతీరమున నున్నది. చిరకాలము దీనిని ఫ్రేజరు దీవి యనిరి. 1836లో స్టర్లింగ్ కాసిల్ అను ఓడ పగిలి, దాని నాయకుడైన ఫ్రేజరును ఆయన భార్య ఎలైజాయు ఈ తీరమునకు చేరిరి. నాయకుడు ఇచ్చటనే మరణించెను. ఎలైజా బయటపడి చెప్పిన కథల వలన దీవికి ఆ యింటిపేరు అంటుకొనెను. ఆ కథలలో దీవివాసులగు బచుల్లా జాతివారిని క్రూరులుగా వర్ణించుటచే వారికి కలిగిన అపకీర్తి యింతింత కాదు. 2014లో న్యాయస్థానము ఆ జాతివారికి దీవిపై అనాదిగా గల హక్కును అంగీకరించెను. 2023లో వారి పూర్వనామమే మరల దీవికి ఉంచబడెను. ఆ పేరును ఇంగ్లీషులో కకారముతో మొదలుపెట్టి వ్రాయుదురు గాని, ఆ కకారమును పలుకరు.

ఈ దీవి దాదాపు 120 కిలోమీటర్ల పొడవుగలది. ఆద్యంతము ఇసుకయే. ఇసుకతో నేర్పడిన దీవులలో లోకమున నింతకన్న పెద్దది లేదు. 1992లో దీనిని ప్రపంచ వారసత్వస్థలముగా ప్రకటించిరి. మనకు దివిసీమ యున్నది. కృష్ణ రెండు పాయలై సముద్రమును చేరుచోట ఇరువైపుల నీరుండుటచే దానికి దివియని పేరు. అచ్చట ఒండ్రుమట్టిపై వరి పండును. ఇచ్చట ఇసుకపై ఆకాశమంటు చెట్లతో మహారణ్యము పెరిగినది! ఆ వింత చూడనిదే నమ్ముట కష్టము.

మేము కాపురముండు సైనిక్‌పురి, పేరునకు తగినట్లే, కొలువు విరమించిన సైనికోద్యోగుల ఊరు. మా వీధి కొసను ఒక పెద్దమనిషి గలరు. మేము వారిని అన్నయ్యగారని పిలుతుము. వారు యౌవనమున రాజస్థాన్ ఎడారిలో జోంగా బండ్లు నడిపినవారు. జబల్పూరు కర్మాగారమున మన సైన్యమునకై తయారైన ఆ జీపుజాతి బండిని ఇప్పటికిని వారు పాత స్నేహితుని తలచినట్లు తలచుచుందురు. మా చింత విని వారు నవ్వి, “అమ్మా, ఇసుకకు భయపడవలదు, దానికి లొంగవలెను” అని మమ్ము కూర్చుండబెట్టి చక్కగా పాఠము చెప్పిరి. అది మన స్త్రీలకును ఉపయోగపడు విషయము గనుక కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

సామాన్యపు కారులో యంత్రబలము రెండు చక్రములకే అందును. ఆ రెండును ఇసుకలో జారినచో మిగిలిన రెండును మోతబరువులే. ఫోర్ వీల్ డ్రైవు బండిలో నాలుగు చక్రములకును బలమందును; అదిగాక వేగము తగ్గించి లాగుడు హెచ్చించు లో గేరు ప్రత్యేకముగా నుండును. బండి కడుపు నేలకు ఎత్తుగా నుండుటయు అవసరమే. అయినను ఇవన్నియు టైరులోని గాలి తరువాతివే యని అన్నయ్యగారి మతము. రోడ్డుమీద 35 పౌనుల గాలి యుండు టైరు ఇసుకలో మేకకాలివలె దిగబడును. అదే గాలిని 20కో 18కో తగ్గించినచో టైరు చదునుగా పరచుకొని, ఒంటె పాదమువలె బరువును విశాలముగా మోయును. అట్లు తగ్గించిన టైరులతో వేగముగా పోరాదు, గిఱ్ఱున మలుపరాదు. మలిపినచో టైరు చక్రమునుండి ఊడవచ్చును. మరల రాతిదారికి వచ్చినంతనే గాలి నింపవలెను. “బండి దిగబడినపుడు యంత్రమును అరిపించినకొలది చక్రము తన గోతిని తానే త్రవ్వుకొనును. ఆపి, దిగి, పార తీయవలెను. సిగ్గుపడువాడే చిక్కుపడును” అని వారు చెప్పిన మాట మేము చీటీమీద వ్రాసికొంటిమి.

రెండవ పాఠము ఆటుపోటులది. ఆ దీవి తూర్పుతీరమున 75 మైళ్ల బీచి యని పేరొందిన ఇసుకతిన్నెయే రాజమార్గము. సముద్రము వెనుకకు పోయినపుడు తడిసి గట్టిపడిన ఇసుకపై బండ్లు నడచును. పోటు వచ్చినపుడు ఆ మార్గమే మాయమగును. కావున పోటునకు ముందు రెండు గంటలు, వెనుక రెండు గంటలు ప్రయాణము కూడదని అచ్చటివారి నియమము. ఇది వినగనే మేము పంచాంగము తీసితిమి. పున్నమికిని అమావాస్యకును పోటు హెచ్చని మనకు తెలియనిది కాదు. విజయదశమి మరునాడు ఏకాదశి. నాలుగు దినములలో పున్నమి వచ్చుచున్నదే, అష్టమికి మార్చుకొనరాదా యని చెల్లెలికి ఫోను చేసితిమి. మా తెలివికి మేమే మురిసితిమి గూడ!

అన్నయ్యగారు ఆ మురిపెమును ఎక్కువసేపు నిలువనీయలేదు. పున్నమినాడు పోటు ఎంత పైకి వచ్చునో ఆటు అంత దూరము పోవును. అపుడు గట్టి ఇసుక వెడల్పుగా బయటపడును. అష్టమికి రెండును స్వల్పమే. కాబట్టి తిథికన్న గడియ ముఖ్యము: ఆటు నడిపగలు వచ్చు దినములను ఎన్నుకొనినచో వెలుతురు ఉండగనే పోయి రావచ్చును. పోటు దినదినమును సుమారు ఏబది నిమిషములు వెనుకబడుచుండును. చెల్లెలు అచ్చటి పోటుపట్టికను చూడగా, ఏకాదశి మొదలు త్రయోదశి వరకు ఆటు మధ్యాహ్నమునకు దగ్గరలోనే పడుచున్నది. ఇక మా అభ్యంతరమునకు తావు లేకపోయెను.

మరిదికి మాత్రము ఈ పట్టికలకన్న పటములమీదనే మక్కువ. దీవిలో దారులు పలువిధములు. తీరపు బాట మొదటిసారి పోవువారికిని సుసాధ్యము, వాగులు ఇసుకను కోసిన చోట్ల జాగ్రత్తపడినచో చాలును. అడవిలోపలి దారులు ఒకబండి వెడల్పే; గోతులు, వేళ్లు, ఎదురుబండి వచ్చిన వెనుకకు నడుపుట. అచ్చట గంటకు 30 కిలోమీటర్లు మించరాదన్న నియమమున్నను, పదునైదు దాటుటయే అరుదు. ఇక ఉత్తరముగా పోయినకొలది కష్టము హెచ్చును. ఇండియను హెడ్డు అను కొండకొమ్మును చుట్టిపోవు మెత్తని ఇసుకదారి యొకటి. దానిని దాటి, ఆర్కిడ్ బీచి దాటి పోగా ఙకాల రాళ్లు. మన వర్ణమాలలో పనిలేక కూర్చున్న ఙకారమునకు ఆ జాతివారి భాషలో పేరుమొదటనే పీట దొరికినది చూడుడు! అచ్చట సముద్రమునకును మెత్తని ఇసుకకును నడుమ బండలున్నవి. ఆ సందులో బండిని నడుపుట ఆరితేరినవారికే తగునని ప్రభుత్వమువారే హెచ్చరింతురు. దానిని దాటినవారికి మాత్రమే, 1870లో వెలిగింపబడిన శాండీ కేపు దీపస్తంభమువరకు నిర్జన తీరము దక్కును. మరిది మనసంతయు ఆ దీపస్తంభముమీదనే. చెల్లెలు ఆ మాట వచ్చినపుడెల్ల “చూతములే” యని ఊరకుండెను. ఆమె అంతకుముందే ఒక దినము ఇసుకలో బండి నడుపు శిక్షణ పొందియుండెను.

విజయదశమినాడు బండికే ఆయుధపూజ జరిగెను. పారకును, లాగుడు మోకునకును, చక్రముల క్రింద పెట్టు పలకలకును అమ్మ పసుపు కుంకుమలు పెట్టెను. బండి ప్రవేశమునకును, గుడారమునకును ప్రభుత్వపు అనుమతి చీట్లు ముందే తీసికొనవలెను. బడి సెలవులలో అవి దొరకుట కష్టము గనుక చెల్లెలు చాల మాసములకు ముందే తీసియుంచినది.

ఏకాదశి వేకువను బయలుదేరి మూడు నాలుగు గంటలలో ఇన్‌స్కిప్ కొన చేరితిమి. టైరుల గాలి 20 పౌనులకు తీసి, బండితో కూడ పంటు నెక్కితిమి. కోనసీమలో పంటు దాటినవారికి అది వింత గాదు. పది నిమిషములలో దీవి. తరువాతిది మాత్రము వింతయే! కుడివైపున మహాసముద్రము, ఎడమవైపున ఇసుకకొండలు, నడుమ కనుచూపుమేర తడియిసుక. ఆ ఇసుకపై వేగపు హద్దు గంటకు 80 కిలోమీటర్లు. రాజమార్గములందలి నియమములన్నియు వర్తించును. చిన్న విమానములును దానిమీదనే దిగును. బాలిక చప్పట్లు చరచెను. ఉపవాసముననున్న అమ్మ మాత్రము కనులు మూసికొని అష్టాక్షరి జపించుచుండెను. “చూడవమ్మా” అనిన, “సముద్రుడు ఊరకున్నంతసేపే చూచుట, నేను ఊరకుండుమని వేడుకొనుచున్నాను” అనెను.

మధ్యదారిలో ఈలై వాగు వచ్చినది. ఇసుకలో ఇంకిన వాననీరు ఎన్నో ఏండ్లకు వడగట్టబడి వెలువడి, అద్దమువంటి నీటితో సముద్రమున కలియును. పిల్లలు అందులో తేలియాడిరి. సముద్రములో మాత్రము ఎవ్వరును దిగరాదు. ప్రవాహములును, సొరచేపలును గలవు. ఇంకను పైకి పోగా మహేనో అను ఓడ తుప్పుపట్టి అస్థిపంజరమువలె ఇసుకలో పడియున్నది. 1905లో కట్టిన ఆ ఓడ మొదటి మహాయుద్ధమున గాయపడినవారిని మోసిన ఆసుపత్రి నౌక. 1935లో దానిని తునుకలు చేయుటకై జపానునకు లాగికొనిపోవుచుండగా తుపానులో మోకు తెగి యిచ్చటికి కొట్టుకొనివచ్చెను. ఎందరికో కట్టుకట్టిన తల్లికి తుదకిట్టి గతియా యని అమ్మ నిట్టూర్చెను.

డుండుబారా అను చోట కంచె గలిగిన గుడారముల తావున మేము బస చేసితిమి. కంచె మనుష్యులకు గాదు, డింగోలకు. బచుల్లావారు వానిని వోంగారి యందురు. చూచుటకు మన ఊరికుక్కలవలె పచ్చని మేనితో అమాయకముగా నుండును. ఆ పోలికయే ప్రమాదకరము. 2001లో తొమ్మిదేండ్ల బాలుడొకడు ఈ దీవిలోనే వాని వాతబడి మరణించెను. మా బాలిక వయసును అంతియే గనుక, ఆ సంగతి తెలిసిననాటినుండి మా గుండె నిలువలేదు. పిల్లలను చేయి చాచినంత దూరములోనే ఉంచుకొనవలెను, ఒంటరిగా నడువరాదు, చేత కఱ్ఱ యుండవలెను, ఆహారమును గుడారములో ఉంచక బండిలో తాళము వేయవలెను. వానికి పట్టెడన్నము వేయుటయు నేరమే. మనుష్యునిచేతి తిండి మరిగినదే మనుష్యునిమీదికి వచ్చును. తెచ్చిన పులిహోరను, మాగాయను ఇనుపపెట్టెలో బంధించితిమి. మన యిండ్లలో కుక్కకు ముద్ద పెట్టక తినుట పాపమని పెరిగిన అమ్మకు ఈ నియమము మ్రింగుడుపడలేదు. చితిమంటలును నిషిద్ధమనియే తలంచి గ్యాసుపొయ్యి తెచ్చుకొంటిమి. 2020లో ఎవరో నియమము తప్పి వేసిన మంట వలన దీవిలో సగమునకు పైగా కాలిపోయినదట.

మరునాడు ద్వాదశి. సూర్యోదయమునకు అమ్మ పారణ చేసెను. ఆటు పండ్రెండు దాటిన తరువాత గనుక పదిగంటలకు ఉత్తరముగా బయలుదేరితిమి. గట్టి ఇసుకపై బండి మందముగా పోవుచున్నదని మరిది ఉదయమే పంపుతో టైరుల గాలి 28కి నింపియుంచెను. ఆ మాట ఎవరికిని చెప్పలేదు. ఇండియను హెడ్డు కనబడినది. 1770లో కుక్కు నావికుడు ఓడనుండి చూచి, ఆ కొమ్ముపై గుమిగూడిన జనులను తన అలవాటు చొప్పున ఇండియనులని వ్రాసికొనుటచే ఆ పేరు వచ్చినది. నిజమైన ఇండియనులము మేము దాని వెనుక దారిలో ఎక్కి, నడిమిట్టకు రాకమునుపే దిగబడితిమి.

మరిది యంత్రమును రెండుమారులు అరిపించెను. బండి ఇరుసువరకు కూరుకొనెను. మేము చీటీ తీసి చదువుటకు సాహసింపలేదు గాని, చెల్లెలు దిగి టైరుకు గాలి కొలత పెట్టి చూచి భర్తవంక చూచెను. ఆ చూపును వర్ణింప నవసరము లేదు. అమ్మను నీడలో కూర్చుండబెట్టి, పిల్లలను ఆమెకు ఇరువైపుల ఉంచి, మేమును పార పట్టితిమి. చక్రముల ముందును వెనుకను ఇసుక తీసి, బండి కడుపు క్రిందిది తోడి, పలకలు దూర్చి, గాలి 16కి దింపితిమి. వెనుక వచ్చిన బండ్లవారును దిగి తోడ్పడిరి. పేరైనను అడుగక పార అందుకొనిరి. చెల్లెలు చక్రము పట్టి, తాను వచ్చిన జాడలోనే మెల్లగా వెనుకకు పోయి, మరల ఒక్క ఊపున మిట్ట దాటించెను. దీనికి గంటసేపు పట్టెను. అటుపైన తాళపుచెవి ఆమెవద్దనే యుండెను.

ఙకాల రాళ్లు చేరునప్పటికి ఒంటిగంట దాటి పావు. ఆ సందులో ఒక బండి ముక్కు క్రిందికై కూరుకొనియున్నది. నలుగురు యువకులు చెమటలు గ్రక్కుచు త్రవ్వుచున్నారు. మరిది మన పలకలు వారికిచ్చి తానును త్రవ్వెను. అరగంటకు ఆ బండి వెలువడి ఉత్తరముగా పోయెను. వారు కేకలు వేసి చేతులూపిరి. మరిది మొగము వెలిగెను. “వారు పోయిరి గదా! మనకు పలకలున్నవి, మోకున్నది. దీపస్తంభము ఇక ముప్పది కిలోమీటర్లే.”

చెల్లెలు కోపపడలేదు. ఇసుకపై వ్రేలితో లెక్క వ్రాసెను. ఇపుడు సుమారు రెండుగంటలు. పోటు ఆరున్నరకు. నాలుగున్నరకు తీరము విడువవలెను. పోవుటకును వచ్చుటకును రెండుగంటలు. ఈ రాళ్లు తిరిగి దాటవలెను. ఉదయము గంట మ్రింగిన మిట్టయు ముందున్నది. ఎచ్చట దిగబడినను ఒక ప్రక్క బండ, ఒక ప్రక్క పోటు. “వారు నలుగురును యువకులు. బండి పోయినచో నడచిపోగలరు. అమ్మ నడువలేదు. చీకటిలో పిల్లలను నడిపింపలేము” అనెను. మరిది మావంక చూచెను. పెద్దమరదలు తనవైపు పలుకుననుకొనెనేమో. మాకును ఆ దీపస్తంభము చూడవలెనని ఆశలేదనిన అసత్యమే యగును. అంతదూరమునుండి వచ్చితిమి, మరల వచ్చుట యెన్నడు? అయినను, “ఇంటికి పోవుదము” అని మేమే ముందు బండి యెక్కితిమి. మరిది బస చేరువరకు మాటాడలేదు. రాత్రి వంటకాలమున మాత్రము తానే వచ్చి, ఉదయము గాలి నింపిన సంగతి అమ్మతో చెప్పుకొనెను. అమ్మ అతనికి ఇంకొక గరిటె పెరుగు వడ్డించెను.

త్రయోదశినాడు తిరుగుప్రయాణములో యూరాంగు అను చోటినుండి అడవిలోనికి పోయితిమి. ఆ ఇసుకపై పెరిగిన శాటినే అను మహావృక్షముల కలప నీటికి చీకదనుటచే సూయెజు కాలువ పనులకును పోయెనట. 1991లో నరకుట మానిరి. అంతకుముందే 1976లో ఇసుకలోని ఖనిజములు త్రవ్వుటయు ఆపించిరి. అడవినడుమ బూరంగూరా సరస్సు. పంచదారవంటి తెల్లనియిసుక, నీలమణివంటి నీరు. అందులోనికి ఏ వాగును రాదు, ఏ వాగును పోదు. వాననీరే ఇసుకపై నిలిచియున్నది. బచుల్లావారి కథ చొప్పున గర్రి యనునది ఒక దేవకన్య. భూమిని సృజించుటకు సాయపడి, ఈ చోటి యందమును విడువలేక ఇచ్చటనే నిలువగోరగా, ఆమెనే దీవిగా మార్చి, ఒంటరితనము తోచకుండ చెట్లను, జీవులను, మనుష్యులను కల్పించిరట. ఈ సరస్సులు తాను వచ్చిన ఆకాశమును చూచుకొనుటకై ఆమె కన్నులట. పుట్టింటివైపు చూచు కన్నులని అమ్మ వెంటనే అర్థము చెప్పెను. చెల్లెలు నీటివంక తిరిగి ముఖము కడుగుకొనెను. ఆ దేశమునకు పోయి ఆమెకు పదియేండ్లైనది.

పోటునకు చాల ముందుగనే పంటు ఎక్కితిమి. ఇల్లు చేరిన రాత్రియే ఉప్పు బండి యినుమును తినకుండ అడుగుభాగమంతయు మంచినీటితో కడిగితిమి. మరిది పండుకొని క్రిందికి దూరి కడుగుచుండగా చెల్లెలు గొట్టము పట్టుకొనెను. అప్పుడే ఇద్దరును మరుసటి యేటికి పిల్లలు లేకుండ, రెండు బండ్లుగా, తెల్లవారుజాము ఆటునకు ఙకాల దాటుటను గూర్చి వాదులాడుకొనుచుండిరి.

మేము సైనిక్‌పురి చేరిన మరునాడు అన్నయ్యగారు గేటు దగ్గరనే ఎదురైరి. సరస్సులను గూర్చిగాని, ఓడను గూర్చిగాని అడుగలేదు.

“గాలి ఎంత తీసితిరమ్మా?”

“పదునారు” అంటిమి.

“మొదటనా, దిగబడిన తరువాతనా?” అనిరి.